కెమెరాకు తోక

మా స్టూడియో బల్ల సొరుగులో, పాత ఆల్బం అట్టల కింద ఐదు వస్తువులు పడి ఉన్నాయి. చూసినవాళ్ళు ఒకదాన్ని తలుపు గడియ అనుకున్నారు, ఇంకొకదాన్ని పిల్లలు ఊదే పీక అనుకున్నారు. ఐదూ నేను చేసినవో, చేయించినవో. నాలుగు పనికిరాలేదు, ఒకటి పనికొచ్చింది. ఆ ఒక్కదాన్ని చూస్తే ఎంత మురిపెమో, దాన్ని ఎందుకు చెయ్యాల్సి వచ్చిందో తలుచుకుంటే అంత సిగ్గు. రెండూ చెబుతాను.

మా నాయన ఉదయగిరి బస్టాండు దగ్గర ఫోటో స్టూడియో నడిపేవాడు. వెనక తెర మీద పెద్ద మేడ, మేడ ముందు నీళ్ళు చిమ్మే ఫౌంటెన్. ఊళ్ళో తాగే నీళ్ళకే కటకట, మా తెర మీద మాత్రం నీళ్ళకు లోటుండేది కాదు. అప్పటి కెమెరాల్లో నొక్కే మీటకు నడుమ మరలు తిరిగిన చిన్న బొక్క ఉండేది. అందులో ఒక తీగను బిగించేవాళ్ళు. రెండు మూరల పొడవు, పైన నల్లదారం అల్లిక. రెండో కొసన ఉన్న బొడిపెను బొటనవేలితో నొక్కితే, లోపలి సన్నని కడ్డీ ముందుకు పొడుచుకొచ్చి కెమెరా మీటను నొక్కుతుంది. చెయ్యి కెమెరాకు తగలదు గనక ఫోటో అదరదు. దాని అసలు పేరు కేబుల్ రిలీజ్. మా ఇంట్లో మాత్రం అది తోక.

ఫోటో అదరకుండా ఉండడం దాని పనుల్లో చిన్నది. నాయన దాన్ని వాడే తీరే వేరు. స్టాండుకు ఒక పురికొస కట్టి ఉండేది, దానికొక ముడి. స్టూలు మీద కూర్చున్న మనిషి ముక్కు దాకా ఆ కొసను లాగి, ముడి ముక్కుకు ఆనితే దూరం సరిపోయినట్టు. లెన్సు ఎప్పుడూ ఆ దూరానికే పెట్టి ఉండేది. ఆ తర్వాత ఇక కెమెరాతో పనే లేనట్టు దాన్ని వదిలేసి, దానికి ఎడమ పక్కన వచ్చి నిలబడేవాడు. తోక కుడిచేతిలో, చెయ్యి వీపు వెనక. అప్పుడు కబుర్లు మొదలయ్యేవి. వానలెట్టా ఉండాయి, బర్రె ఈనిందా, పెద్దల్లుడు అలక తీరినాడా. ఎంతసేపటికీ ఫోటో తియ్యడేమని వాళ్ళకు విసుగొచ్చి అడిగేసరికి, తీసేసి ఉండేవాడు.

కెమెరా వెనక దూరినవాడికి ఫోటో కనపడుతుందే గానీ మనిషి కనపడడని ఆయన సిద్ధాంతం. మర్రిపాడు పక్క పల్లెలకు గానీ, కొండాపురం వైపుకు గానీ పోయి చూడండి. దండ వేసిన పటంలో పెద్దాయనో పెద్దమ్మో కొంచెం పక్కకు చూస్తూ నవ్వుతుంటే, అది మా నాయన తీసిందని కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. ఏ పటంలోనూ నాయన ఉండడు, అందరూ చూసేది ఆయన్నే.

డిజిటల్ కెమెరాలు వచ్చాక ఉదయగిరి స్టూడియో మూసేసి ఆత్మకూరులో కొత్తది పెట్టాం. పెట్టాం అంటున్నాను గానీ పెట్టింది నేను. కొత్త కెమెరా, కొత్త లైట్లు, అద్దాల తలుపు. నాయన కొత్త కెమెరాను అటూ ఇటూ తిప్పి, సంతలో దూడ పళ్ళు చూసినట్టు చూసి, దీనికి తోక ఎక్కడ పెట్టాలని అడిగాడు. పెట్టేదానికి బొక్క లేదని చెప్పాను. సరేలే అని తన పాత ఫిలిం కెమెరానే ఒక మూలన నిలబెట్టుకున్నాడు. అప్పటికే ఆయన చేతికి వణుకు పట్టుకుంది. టీ గ్లాసు సాసరు మీద గలగలమనేది. అయినా తోక ఉన్నంతకాలం ఫోటోకు వణుకు తెలిసేది కాదు.

వచ్చినవాళ్ళందరూ ఆయన్నే అడిగేవాళ్ళు. అంత ఖరీదు పెట్టి తెచ్చిన కెమెరా మెడలో వేసుకుని నేను ఎదురుగా నిలబడి ఉంటే, నన్ను దాటి లోపలికి తొంగిచూసి, మీ నాయన లేడా అనేవాళ్ళు. పది మంది అంటే ఓర్చుకున్నాను, ఇరవై మంది అంటే ఓర్చుకున్నాను. ఒకరోజు ఆయన అన్నానికి ఇంటికి పోయినప్పుడు తోకను విప్పి, ఇంట్లో నా బీరువాలో పెళ్ళి ఆల్బముల కింద పెట్టేశాను.

నాయన మూడు రోజులు వెతికాడు. నేనూ ఆయనతో కలిసి వెతికాను. తెర వెనక, స్టూలు కింద, టార్చిలైటు వేసి మరీ. నెల్లూరులో కొత్తది దొరుకుతుందేమో కనుక్కోమన్నాడు. కనుక్కున్నాను, ఇప్పుడెవరూ అమ్మడం లేదని చెప్పాను. నిజానికి ఏ షాపు గడపా తొక్కలేదు. తోక లేకుండా వట్టి చేత్తో తీసిన రెండు మూడు ఫోటోలు అదిరిపోయాయి. ఆ తర్వాత ఆయన లోపలికి రావడమే మానేశాడు. పొద్దున్నే నాతోబాటు వచ్చి, అద్దాల తలుపు బయట బెంచీ మీద కూర్చుని పేపరు చదివేవాడు. గిరాకీ వస్తే చేత్తో నన్ను చూపించేవాడు. అట్లా ఏడేళ్ళు గడిచాయి. తేలు కుట్టిన దొంగలా నేను నోరు మూసుకున్నాను.

ఏడో ఏట మర్రిపాడు పక్క పల్లె నుంచి ఒక అవ్వ వచ్చింది. గొర్రెల కాపరుల ఇల్లు. ఆమె పెనిమిటి ఫోటోను నాయన ఎప్పుడో ఉదయగిరిలో తీశాడు. ఆయన పోయి చాన్నాళ్ళయింది. ఆ పటం పక్కన తన పటం తగిలించాలని ఆమె కోరిక. తను పోయాక ఎవరో ఏ కార్డులోదో పీకి పెద్దది చేయించి పెడితే ఒప్పుకోదట. తొందర కూడా ఉంది. ముందర మూడు పళ్ళు మిగిలాయి, అందులో ఒకటి ఊగుతోంది. అది ఊడకముందే పని జరగాలి.

నేను తీశాను. ఒకటికి నాలుగు తీశాను. లైటు మార్చి, తల వంచమని, గడ్డం ఎత్తమని, నవ్వమని. అవ్వ స్క్రీను మీద చూసి పెదవి విరిచింది. "ఇది ఆధార్ కార్డు ముసల్ది అబ్బయ్యా. మా ఆయన ఆ పటంలో మాట్లాడతా ఉండాడు. నేను ఇందులో ఎవురితోనూ మాట్లాడతా లేను."

ఇంకో నాలుగు తీశాను. ఆమె లేచి, కొంగు దులుపుకుని, మీ నాయన తీస్తే చెప్పి పంపు, వస్తాను అని వెళ్ళిపోయింది. బయట బెంచీ మీద నాయన పేపరు మడుస్తూ అంతా విన్నాడు. తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. నావైపు చూడలేదు.

ఆ సాయంత్రం నాకు వచ్చింది ప్రేమ కాదు, రోషం. కెమెరాకు బొక్క లేకపోతే బొక్క చేస్తానని కూర్చున్నాను.

మొదట ఒక రిమోట్ తెప్పించాను. నాయన చేతికిస్తే, వణుకుకు అది వరసగా పదకొండు ఫోటోలు కొట్టింది. వేలికి ఏమీ తగలడం లేదని ఆయన బెంచీ మీద పెట్టేశాడు. ఆయనకు కావాల్సింది తోకే. బొటనవేలి కింద స్ప్రింగు బిగువు, ఎంత నొక్కితే ఫోటో పడుతుందో తెలిసే ఆ బిగువు.

బీరువా తెరిచి తోకను తీశాను. ఏడేళ్ళు మూలన పడ్డా తుప్పు పట్టలేదు. నొక్కితే కడ్డీ వెన్నలా జారింది. పాతకాలపు సరుకు గట్టిదని మెచ్చుకున్నాను కూడా.

ఇక నా చేతిపనులు. మొదటిది ఇనుప పట్టీ. కెమెరా నెత్తిమీద వంచి బిగించి, సరిగ్గా మీట పైన రంధ్రం పెట్టి, తోకను అందులో దూర్చాను. నొక్కితే పట్టీ పైకి లేచింది గానీ మీట దిగలేదు. రెండోది పెన్ను మూత, జిగురు. దాని గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. అప్పుడు కెమెరా పక్కన రబ్బరు మూత కింద ఉన్న సన్నని రంధ్రం మీదికి చూపు పోయింది. అందులో పాత సెల్‌ఫోన్ల ఇయర్‌ఫోన్ పిన్ను సరిపోతుంది. సెల్ రిపేరు అంగడిలో ఒకటి అడిగి తెచ్చి, వైరు కోసి చూస్తే లోపల మూడు తీగలు. రెండింటిని మూడోదానికి తగిలించగానే కెమెరా క్లిక్కుమంది. ఫ్యాను రెక్కల ఫోటో ఒకటి పడింది. అది ఇప్పటికీ దాచుకున్నాను.

అంటే తోక ఇప్పుడు మీటను నొక్కనక్కర్లేదు, ఒక చిన్న స్విచ్చిని నొక్కితే చాలు. పాడైపోయిన కంప్యూటరు మౌస్ లోంచి స్విచ్చి పీకాను. మిగిలిందల్లా ఆ స్విచ్చికీ తోకకూ ఒక ఇల్లు. తోక కొసన ఉన్న మర మామూలు మర కాదు, చివరికి పోనుపోను సన్నబడుతుంది. లేతు మిషను అతను ఇత్తడి ముక్క మీద రెండుసార్లు తిప్పి చూశాడు. ఒకటి వదులు, ఒకటి ఇరుకు. మూడోసారి, అన్నా, ఈ మరకు సరిపడే పనిముట్టు మన దగ్గర లేదని చేతులెత్తేశాడు. నాయన బయట నుంచే అన్నీ గమనిస్తున్నాడు. నేనేం చేస్తున్నానో అడగలేదు. ఒక్కసారి మాత్రం, కుక్క తోక పట్టుకోని గోదారి ఈదినట్టుండాదే అని పేపరుతో అన్నాడు.

ఉదయగిరిలో కొయ్య చెంచాలు చెక్కే ఇళ్ళున్నాయి. మా పాత స్టూడియో వెనక వీధిలో ఒక అక్క ఉండేది. వాళ్ళింట్లో తరాలుగా అదే పని. మా ఇంటి గరిటెలన్నీ వాళ్ళు చెక్కినవే. ఆమె గుర్తొచ్చి బస్సెక్కాను. చాలా ఏళ్ళ తర్వాత ఆ వీధి. దుర్గం కొండ అదే, స్టూడియో ఉన్నచోట మాత్రం ఎరువుల అంగడి. గోడ మీద మా బోర్డు మేకులు రెండు ఇంకా ఉన్నాయి. రోడ్డు మీద నిలబడి మేకుల్ని చూసి కన్నీళ్ళు పెట్టుకునేవాణ్ణి చూస్తే ఎవరైనా నవ్వుతారని గబగబా నడిచాను.

అక్క తోకను చేతిలోకి తీసుకుని, కొసను వేలితో తిప్పి, మీ నాయనది గదా అంది. నేను చెప్పకముందే. ఆమె పెళ్ళినాటి ఫోటో ఆ తోకతో తీసిందే మరి. సంగతంతా చెప్పాను. లేతు దగ్గర ఓడిపోయిన కథ కూడా.

"ఇనుముకు ఇనుము మొండికేస్తాది," అంది. "కొయ్యయితే మరకు దారి ఇస్తాది. చూస్తా ఉండు."

చెంచాలకు వాడే నర్ది కొయ్యలో బొటనవేలంత ముక్కకు సన్నని రంధ్రం తొలిచి, తోక మరను దానికి ఆనించి మెల్లగా తిప్పింది. ఇత్తడి మర పచ్చి కొయ్యలో తన గాడి తనే చేసుకుంటూ దిగింది. ఇంత తేలికైన సంగతి నాకు తట్టనందుకు నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపించింది. రెండో పక్క స్విచ్చి కూర్చోవడానికి గుంట తీసింది, వైరు బయటికి రావడానికి గాడి కోసింది. అయిపోయిందనుకుంటే, ఇంకా చెక్కుతూనే ఉంది. ఏంటని చూస్తే, పైన ఒక చిన్న ఆకు. ఎవరూ చూడని వస్తువుకు ఆకు ఎందుకక్కా అన్నాను. ఒట్టి కట్టె ఇచ్చేదానికి చెయ్యి రాలేదు అంది.

మరునాడు పొద్దున దాన్ని తోకకు బిగించి, నాయన ఒళ్ళో పేపరు మీద పెట్టాను. ఆయన బొడిపె మీద బొటనవేలు ఆనించి నొక్కాడు. కొయ్య లోపల స్విచ్చి టిక్కుమంది. మళ్ళీ నొక్కాడు.

"యాడ దొరికినాది?"

పాత తెర గుడ్డల గోతాంలో దొరికిందని చెప్పాను. ఆయన నావైపు ఒక చూపు చూసి, ఊఁ అన్నాడు. ఏడేళ్ళ తర్వాత అద్దాల తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు.

అవ్వకు కబురు పంపితే ఆ గురువారమే దిగింది. పన్ను ఇంకా ఉంది, ఊగుతూనే ఉంది. నాయన కెమెరాకు ఎడమ పక్కన నిలబడి, చెయ్యి వీపు వెనక పెట్టుకుని, వదినా అని మొదలుపెట్టాడు. ఎప్పుడు నవ్వించాడో నేను గమనించనే లేదు. టిక్కుమంది, ఆ తర్వాత కెమెరా జుయ్యిమంది, ఆ తర్వాత క్లిక్కుమంది. చూస్తే, నవ్వు అయిపోయి అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటున్న ఫోటో. మళ్ళీ అదే, ఇంకోసారీ అదే. నాయన ముఖం వాడిపోయింది. నా చెయ్యే మందగించినాది అన్నాడు. తోకను స్టూలు మీద పెట్టి బెంచీ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇంతదూరం తెచ్చి, ఆయన్ని ఇంకోసారి ఓడించాను.

బయటికి పోయి పక్కన కూర్చున్నాను. తప్పు నీది కాదు నాయనా, నువ్వు నొక్కినాక అది ఏదో ఆలోచిస్తా ఉండాది అన్నాను.

"అంత ఆలోచించేదానికి ఏముండాదిరా?" అన్నాడు చిరాగ్గా. "స్టూలు యాడికన్నా పోతాదా?"

అప్పుడు వెలిగింది. ప్రతిసారీ కెమెరా తనంతట తాను చూపు సరిచేసుకుంటోంది. ఆ అర క్షణంలోనే అవ్వ నవ్వు జారిపోతోంది. నాయన ఎన్నడూ కెమెరాను చూడనివ్వలేదు. ముడి పెట్టి, దూరం పెట్టి, దాని నోరు మూయించి, చూసే పని తనే చేశాడు. లెన్సు పక్కనున్న బుల్లి మీటను జరిపి దాని తెలివి ఆపేశాను. పురికొస తెచ్చి స్టాండుకు కట్టాను. ముడి నాయనే వేశాడు. వేళ్ళు వణికి రెండుసార్లు జారింది, మూడోసారి పడింది. అవ్వ ముక్కుకు ముడి ఆనించినప్పుడు, మా ఆయనకూ ఇట్టనే పెట్టినావు గదా అంది.

"పెట్టినాను వదినా. ఆ పొద్దు అన్న తువ్వాల్లో గొర్రెపిల్లను చుట్టుకోని వచ్చినాడు. బయట పెట్టమంటే ఎవురినీ నమ్మనన్నాడు. పటంలో దాని చెవి ఒకటి పడినాది, చూసినావా?"

"చూడక? రోజూ చూస్తా ఉండాను. దాన్ని చూసుకున్నంత బాగా నన్ను చూసుకోనుంటే, నాకు ఇంకో నాలుగు పళ్ళు ఉండేవి."

అని తనే నవ్వింది. టిక్కు, క్లిక్కు. రెంటికీ నడుమ ఏమీ లేదు. ఫోటోలో అవ్వ మూడు పళ్ళతో, కొంచెం ఎడమకు చూస్తూ, ఎవరినో దెప్పుతూ నవ్వుతోంది. స్క్రీను చూసి, ఇది నేను అంది.

పని అయిపోయిందనుకున్నాను. నాయన నేరుగా వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు. ముడిని తన ముక్కుకు తనే ఆనించుకుని, తోకను నా చేతికిచ్చి, ఇప్పుడు నాది తియ్యి అన్నాడు. నేను అలవాటుకొద్దీ కెమెరా వెనక్కి పోబోయాను. వేలితో ఎడమ పక్క చూపించాడు. నిలబడ్డాను. చెయ్యి వీపు వెనక పెట్టుకున్నాను. ఎన్ని వేల ఫోటోలు తీశానో, ఒక్కరితోనూ ఊరికే మాట్లాడిన పాపాన పోలేదు.

"మాట్లాడరా. లేకుంటే నేనూ ఆధార్ కార్డు ముసలోణ్ణి అయిపోతాను."

ఏం మాట్లాడాలో వెతుక్కుంటుంటే, ఏడేళ్ళుగా గొంతులో ఉన్నదే వచ్చింది.

"తోక పోలేదు నాయనా. నేనే దాచిపెట్టినాను. అందరూ నిన్నే అడగతా ఉంటే ఓర్చుకోలేకపోయినాను."

అవ్వ కొంగు సర్దుకుంటున్నది ఆగిపోయింది. నాయన నన్నే చూస్తున్నాడు. కోపం వస్తుందనుకున్నాను. ముందు కళ్ళు కదిలాయి, తర్వాత బుగ్గలు.

"ఏడేండ్లు మూలన పడిన తీగ అట్టా జారతాదారా, పిచ్చోడా? మీ అమ్మ బీరువా తీసినప్పుడల్లా నేను దానికి కుట్టుమిషను నూనె వేస్తానే ఉండాను."

అని పగలబడి నవ్వాడు. ఎన్నేళ్ళయిందో ఆయన అట్లా నవ్వి. నేను నొక్కాను.

ఎందుకు అడగలేదు నాయనా అని తర్వాత అడిగాను. అడిగితే ఇచ్చేవాడివే, అడక్కుండా ఇస్తావేమోనని చూసినాను అన్నాడు.

ఆ తర్వాత రెండేళ్ళు మేమిద్దరం కలిసి తీశాం. వాటిల్లో ఏది ఎవరు నొక్కినదో ఇప్పుడు నాకే తెలియదు. నాయన పోయాక, ఆ పొద్దు ఆయన పగలబడి నవ్విన ఫోటోనే పెద్దది చేయించి కౌంటరు పైన పెట్టాను. పాస్‌పోర్ట్ సైజు కోసం వచ్చినవాళ్ళు దాన్ని చూసి, పెద్దాయన ఎవర్ని చూసి అట్లా నవ్వుతున్నాడని అడుగుతుంటారు. నేను ఏదో ఒకటి చెప్పి దాటేసేవాణ్ణి.

మొన్న అట్లాగే ఎవరో అడిగినప్పుడు, మనవరాలి ఫోటో తీయించడానికి వచ్చిన అవ్వ బెంచీ మీద కూర్చుని ఉంది. ఊగే పన్ను ఎప్పుడో ఊడింది, రెండే ఉన్నాయి. నన్ను నోరు తెరవనివ్వలేదు.

"ఇంకెవుర్ని చూసి?" అంది. "ఇదో, ఈ తోక దొంగను."